శౌచము – జలమర్యాద

ప్రాచీనుల శౌచమనగానే మృత్తికల లెక్కయే పలువురకు స్ఫురించును. గృహస్థుడు మలవిసర్జనానంతరము ఎడమచేతిని 10 మారులు, పిదప రెండు చేతులను 7 మారులు మట్టితో కడుగుకొనవలెనని మనువు పంచమాధ్యాయమున విధించెను. బ్రహ్మచారికి ఇది రెట్టింపు. వానప్రస్థునకు మూడు రెట్లు. యతికి నాలుగు రెట్లు. ఇది అతిగా తోచవచ్చును. కాని వాసన, మరక పోవునంతవరకు మట్టిని, నీటిని వాడవలెనని అదే అధ్యాయమున కలదు. లెక్కకు ప్రయోజనమదియే. నేడు సబ్బు ఆ పనిని మరింత చక్కగా చేయుచుండగా, మట్టికొరకు వెదకనక్కరలేదు.

దంతధావనమునకు సుశ్రుతుడు 12 అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు గల పుల్లను చెప్పి, చేదు వృక్షములలో వేపను, వగరు వృక్షములలో చండ్రను శ్రేష్ఠముగా నెంచెను. క్రీ.శ. 7వ శతాబ్దిలో నలందయందు సుమారు 10 సంవత్సరములు వసించిన చీనా యాత్రికుడు ఇత్సింగ్ వ్రాసిన కొలతయు ఇంచుమించు ఇదియే. అక్కడ 10కి మించి పెద్ద కొలనులుండెననియు, ప్రతి ఉదయము స్నానవేళకు గంట మ్రోగెడిదనియు అతడు తెలిపినాడు.

అంతమంది దిగెడి కొలనునకు రక్షణ యేమి? సమాధానము నలందకు ఎంతో పూర్వమే వేదమున కలదు. సూర్యనమస్కారములతో పారాయణ చేయబడు అరుణప్రశ్నము, అనగా తైత్తిరీయారణ్యక ప్రథమప్రపాఠకము, వ్రతస్థునకు నియమములను చెప్పుచున్నది. నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు, వివస్త్రుడై స్నానమాడరాదు. తామరాకును సైతము త్రొక్కరాదట! జలమున అగ్ని గూఢముగా నున్నాడు, అతడు దహింపకుండుటకే ఈ నియమములని అందే కారణము చెప్పబడినది. మనువు చతుర్థాధ్యాయమున ఈ నిషేధమును వ్రతస్థునితో ఆపక, రక్తమును, విషమును, మాలిన్యమంటిన యే వస్తువునైనను నీట వేయరాదని విస్తరించెను.

కట్టి విడిచిన బట్టలను తీర్థమున వదలుట పుణ్యమని నమ్మువారు నేడు పెక్కుమంది కలరు. మనువు మాటను బట్టి చూడగా ఆ నమ్మకమునకు తావులేదు. పుష్కరిణిలో సబ్బు రుద్దుకొనుటయు అట్టిదే. ఒడలి మురికిని బసలోనే కడుగుకొని, తీర్థమున మునుక మాత్రము వేయుట యుక్తము. నూనె తలతో దిగరాదని పిల్లలకు ముందే చెప్పవలెను.

భుజించిన పిదప, రోగముతో నున్నపుడు, నడురేయి, తెలియని జలాశయమున స్నానము కూడదనియు మనువు అదే అధ్యాయమున నిషేధించెను. యాత్రికులు ఈ చివరి మాటను ఎంతమాత్రము ఉపేక్షింపరాదు. రేవు క్రొత్తదైనచో లోతును, సుడులను స్థానికుల నడిగి తెలిసికొని, పిల్లల చేయి విడువక మెట్లమీదనే స్నానమాడవలెను.