కొలత తప్పితే పరీక్ష తప్పు



జూబ్లీ హిల్స్ అనగానే మనకు సినిమా తారల ఇళ్ళు గుర్తుకు వస్తాయి. అక్కడే 1988లో అపోలో ఆసుపత్రి వెలిసింది. అటువంటి పెద్ద ఆసుపత్రుల ప్రయోగశాలల్లో నేడు రక్తపు శాంపిలును యంత్రమే కొలుస్తుంది. సన్నని సూదిని గొట్టంలోకి దించి, కావలసినంత పీల్చి, మందు కలిపి ఫలితం చూపుతుంది. దీనితో పాల సంఘానికి ఏమి పని అనవచ్చు. పని ఉన్నది.

పూర్వం ప్రయోగశాలల్లోనూ పిపెట్టును నోటితోనే పీల్చేవారు. 1957లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో హైన్రిచ్ ష్నిట్గర్ అనే శాస్త్రజ్ఞుడు బొటనవ్రేలితో నొక్కే పిపెట్టు తయారుచేశాడు. నేటి యంత్రాలు మిల్లీలీటరులో వెయ్యో వంతును, అనగా మైక్రోలీటరును, లెక్కించి కొలుస్తాయి. అయినా వాటికీ మూడు బలహీనతలు ఉన్నవి.

1. నురగ: సూది నురగను ద్రవమని భ్రమపడి గాలిని పీల్చవచ్చు.
2. శుభ్రత: సూది సరిగా కడగకపోతే ఒకరి రక్తం మరొకరి ఫలితంలో కలుస్తుంది.
3. తనిఖీ: పోసిన నీటిని తూచి చూడనిదే యంత్రం సరిగా కొలుస్తున్నదని నమ్మరాదు.

ఈ మూడూ మనకూ వర్తిస్తాయి. గెర్బరు పరీక్షకు పాలు 10.75 మిల్లీలీటర్లు కావాలి. నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఒక తల్లి తన గేదె పాలకు వెన్న తగ్గిస్తున్నారని మొర పెట్టుకున్నది. రిజిస్టరు సక్రమంగా ఉన్నది గదా అని సంతకం చేసి వచ్చాను. రెండవసారి పరీక్ష దగ్గరే నిలబడి చూస్తే గాని తెలియలేదు. పరీక్షకుడిది మోసం కాదు, త్వరపాటు. నురగను కూడా పాలుగా లెక్కించి గీత దాకా నింపుతున్నాడు. అర మిల్లీలీటరు తగ్గితే 7.0 రావలసిన వెన్న సుమారు 6.7 చూపుతుంది. పది లీటర్లకు దాదాపు 30 గ్రాముల వెన్న ఆమె ఖాతాలో పడలేదు. పూటపూటకూ అంతే. ఆ తప్పులో నా సంతకమూ ఉన్నది.

కనుక పరీక్షకులు శాంపిలును నెమ్మదిగా తిరగవేసి కలపాలి, చిలకరాదు. నురగ అణగనిచ్చి, గీతను కంటికి సమంగా పెట్టి చూడాలి. ఆమ్లాన్ని ఎన్నడూ నోటితో పీల్చరాదు. పాలను తానే పీల్చే యంత్రం ఉన్న సంఘాలు ప్రతి పూటా దాని గొట్టాన్ని కడగాలి. పిపెట్టుతో పోసిన నీరు సుమారు 10.7 గ్రాములు తూగుతున్నదో లేదో డెయిరీ ప్రయోగశాలలో చూపించుకోవాలి.

సభ్యులారా, మీ పాలు పరీక్షించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. అది అనుమానం కాదు, మీ హక్కు.