ఓడ దిగిన సైకిలు

పిల్లలూ, బదిలీ అయి ఈ దీవులకు వచ్చిన మన ఇళ్లలో చాలా సైకిళ్లు చెన్నై నుంచో విశాఖపట్నం నుంచో ఓడెక్కి వచ్చినవే. హ్యాండిల్ పక్కకు తిప్పి, పెడళ్లు ఊడదీసి, గోనె చుట్టి పంపుతాం. మీలో కొందరు ఇప్పుడు అదే సైకిలుతో ట్రయాథ్లాన్ సాధన మొదలుపెడతామంటున్నారు. సంతోషమే. ముందు సైకిలును సరిగ్గా బిగిద్దాం.

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇది తొలిసారి చేరింది. కొత్తగా దిగే పెద్దవాళ్లు తరచు ఎంచుకునే స్ప్రింట్ పోటీలో ఈత 750 మీటర్లు, సైకిలు 20 కిలోమీటర్లు, పరుగు 5 కిలోమీటర్లు. పిల్లలకు ఇంకా తక్కువ. ఈత గురించి ఒక్క మాట: ఇక్కడి నీళ్లలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. సాధన ఈత కొలనులోనే, పెద్దల ఎదుటే.

ఇక పెడళ్లు. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. అది తెలియక బలంగా తిప్పితే మర అరిగి, ఎక్కుడులో పెడల్ ఊడి చేతికొస్తుంది. గుర్తు చాలా తేలిక. పానా పిడి పైకి ఉంచి ముందు చక్రం వైపు తిప్పితే ఏ పక్క పెడల్ అయినా బిగుస్తుంది. మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పాలి. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే బిగింపు చాలనట్టే. హ్యాండిల్ చివర మూతలు ఊడిపోయి ఉంటే వెంటనే పెట్టించండి. పడినప్పుడు ఆ గొట్టం అంచు ఒంట్లో దిగుతుంది.

బ్రేకుల దగ్గర కాస్త ఆగుదాం. నికోబార్ కుర్రాడు ఎసో అల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో రజతం గెలిచాడు. ట్రాక్ సైకిలుకు బ్రేకులే ఉండవు, అది వేరే ఆట. మన శ్రీవిజయపురం రోడ్లు ఎత్తుపల్లాలు, పైగా ఏడాదిలో సగానికి మించి వానలు. తడిసిన రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. కాబట్టి మలుపులో కాదు, మలుపు రాకముందే రెండు బ్రేకులూ మెల్లగా నొక్కాలి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారో, హ్యాండిల్ మీంచి అవతల పడతారు. ఉప్పుగాలికి బ్రేకు తీగ, చెయిన్ తొందరగా తుప్పు పడతాయి. మంచినీళ్లతో కడిగి, తుడిచి, చెయిన్‌కు చుక్క నూనె వేయండి. నూనె రిమ్ముకు మాత్రం అంటకూడదు.

హెల్మెట్ విషయంలో ట్రయాథ్లాన్ నియమం మాకు ఎంతో నచ్చింది. ఈత ముగించి వచ్చినవాడు హెల్మెట్ పట్టీ బిగించాకే స్టాండు నుంచి సైకిలు తీయాలి. తిరిగి అక్కడ పెట్టాకే పట్టీ విప్పాలి. తప్పితే శిక్ష ఉంటుంది. ట్యూషన్‌కు వెళ్లేటప్పుడు కూడా ఇదే వరస పాటించండి. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి. గట్టి దెబ్బ తిన్నదాన్ని మళ్లీ వాడకండి. సామాను సర్దేటప్పుడు దాన్ని గిన్నెల పెట్టె కింద పెట్టకండి, దుప్పట్ల మధ్య పెట్టమని అమ్మతో చెప్పండి.

కొత్తగా బిగించిన సైకిలును మొదటి రోజు ఖాళీ మైదానంలో పది నిమిషాలు తొక్కి, దిగి, పానాతో అన్నీ మరొక్కసారి బిగించి చూడండి. రోడ్డు ఎక్కడం ఆ తర్వాతే.