మెరుపు మీద పట్టు ఉంటే ఉపాధికి లోటుండదు: గిటార్ ఫొటోతో మొదలుపెట్టే ప్రొడక్ట్ ఫొటోగ్రఫీ

మౌలాలిలో ఇంటర్, డిగ్రీ పూర్తయిన పిల్లలకు ఇంట్లో పెద్దలు సాధారణంగా రెండు దారులు చూపిస్తారు. ఒకటి రైల్వే పరీక్షలు, రెండోది నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో కొలువు. కెమెరా మీద మోజున్నవాళ్లు పెళ్లి ఫొటోల వైపు వెళ్తారు. కళ్లెదుటే ఉన్నా చాలామంది పట్టించుకోని దారి ఇంకోటి ఉంది. ఆ పారిశ్రామికవాడల్లో తయారయ్యే సామాను, సికింద్రాబాద్ బజార్లలో అమ్మే సరుకు ఇప్పుడు ఫోన్ తెర మీద కూడా అమ్ముడుపోవాలి. తెర మీద కొనేవాళ్లు వస్తువును పట్టుకుని చూడలేరు, ఫొటో చూసే నిర్ణయించుకుంటారు. ఆ ఫొటో తీసేవాళ్లే ప్రొడక్ట్ ఫొటోగ్రాఫర్లు.

ఈ పనిలో అందరినీ ముప్పుతిప్పలు పెట్టేది మెరుపు. స్టీలు గిన్నె, కళ్లద్దాలు, నగ, అత్తరు సీసా, కారు తలుపు... మెరిసే ప్రతి వస్తువూ ఎదురుగా ఉన్నదాన్నంతా తన ఒంటి మీద చూపించేస్తుంది. వాటన్నిటి తరఫునా పరీక్ష పెట్టే వస్తువు ఒకటుంది: నిగనిగలాడే గిటార్. దాన్ని సరిగ్గా తీయడం నేర్చుకున్నవారికి మిగతావి లొంగుతాయి.

గిటారే ఎందుకు?

ఒక్క గిటార్‌లో ఎన్నో రకాల ఉపరితలాలు కలిసి ఉంటాయి. బాడీ మీద అద్దంలాంటి పాలిష్ పూత, కింద చెక్క నార. హెడ్‌స్టాక్ దగ్గర క్రోమ్ పూత పూసిన ట్యూనర్లు. మెరుపు పెద్దగా లేని ఫ్రెట్‌బోర్డ్, దాని మీద లోహపు ఫ్రెట్లు, సన్నని తీగలు. పైగా ప్లాస్టిక్ పిక్‌గార్డ్. వీటిలో ప్రతిదీ వెలుగుకు ఒక్కోలా స్పందిస్తుంది.

ఆకారం కూడా అంతే. అకూస్టిక్ గిటార్ ముందు భాగం దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి గదిలో ఒక చిన్న భాగమే అందులో కనబడుతుంది. 1952లో గిబ్సన్ తెచ్చిన లెస్ పాల్‌కు పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. 1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు అంచులన్నీ వంపులే. వంపు తిరిగిన చోట గదిలో సగం వచ్చి కూర్చుంటుంది: కిటికీ, ట్యూబ్‌లైటు, ట్రైపాడ్, మీ చొక్కా. రంగుల్లో అన్నిటికంటే కష్టం నలుపు.

షాపు యజమానికి ఈ సాంకేతిక సంగతులతో పని లేదు. ఆయన అడిగేది ఒకటే: “తమ్మీ, ఫొటోల గిటార్ కనపడాలె, నీ లైటు కాదు.”

వెలుగు వచ్చే దారి, పోయే దారి

తొమ్మిది, పది తరగతుల్లో చదువుకున్న పాఠమే ఇక్కడ పనికొస్తుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానం. క్యారమ్ బోర్డు అంచుకు కొట్టిన స్ట్రైకర్ ఎటు తిరిగి వస్తుందో ఆడేవాడు ముందే చెప్పగలడు. లైటు వెలుగు గిటార్ మీద పడి ఎటు పోతుందో ఫొటోగ్రాఫర్ కూడా అంత ఖాయంగా చెప్పగలగాలి.

దీన్ని ఇలా పరీక్షించి చూడండి. గిటార్‌ను గోడకు ఆనించి, కెమెరా ఉండే చోట ఒక కన్ను మూసుకుని నిలబడండి. మరొకరు చిన్న టార్చ్ పట్టుకుని మీ పక్క నుంచి మెల్లగా దూరం జరగాలి. ఒక హద్దు వరకు టార్చ్ ప్రతిబింబం బాడీ మీద కనిపిస్తుంది. ఆ హద్దు దాటగానే మాయమవుతుంది, గిటార్ మీద వెలుగు మాత్రం పడుతూనే ఉంటుంది. ఆ హద్దును నేల మీద టేపుతో గుర్తు పెట్టుకోండి. దాని లోపల లైటు పెడితే గ్లేర్, బయట పెడితే శుభ్రమైన రంగు. ఈ రంగంలో ఎంతోమంది పాఠ్యగ్రంథంలా చదివే ‘లైట్: సైన్స్ అండ్ మ్యాజిక్’ పుస్తకం ఈ హద్దు లోపలి కోణాల గుంపు చుట్టూనే నడుస్తుంది. ఖరీదైన కెమెరా కొనకముందే ఈ హద్దు గీయడం నేర్చుకోండి.

ఒక గది, రెండు లైట్లు

స్టూడియో అద్దెకు తీసుకోనక్కర్లేదు. పది పన్నెండు అడుగుల గది ఉంటే మొదలుపెట్టవచ్చు. కిటికీలకు మందమైన తెరలు వేయండి, ట్యూబ్‌లైట్లు ఆర్పండి. కెమెరాను ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, సెకనులో 125వ వంతు దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీయండి. అది పూర్తిగా నల్లగా రావాలి. అలా వస్తే గదిలోని వెలుగేదీ మీ ఫొటోలోకి రావడం లేదని అర్థం. ఇక ఫొటోలో కనిపించే ప్రతి వెలుగూ మీరు పెట్టిందే అవుతుంది.

గిటార్‌ను బలమైన నైలాన్ దారంతో నిలువుగా వేలాడదీసి, ఊగకుండా కింద కూడా కట్టండి. లెన్స్ 85 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉంటే దూరంగా నిలబడవచ్చు. దూరం జరిగే కొద్దీ ఆకారం వంకరపోదు, ప్రతిబింబంలో మీరు, కెమెరా ఆక్రమించే చోటూ తగ్గుతుంది. చదునైన గిటార్‌కు ఎదురుగా నిలబడితే అందులో కనబడేది కెమెరా, దాని వెనక గోడ. అందుకే కెమెరా ముందు నల్లబట్ట కట్టి, లెన్స్ పట్టేంత రంధ్రం చేస్తారు. ఫొటోగ్రాఫర్ నల్లచొక్కా వేసుకుంటాడు. ఆ బట్టకు సికింద్రాబాద్ జనరల్ బజార్ దాకా వెళ్తే చాలు. మెరవని నల్లబట్ట అడగండి, శాటిన్ వద్దు.

రెండు ఫ్లాష్ లైట్లను టేపు హద్దు బయట చెరో పక్కన పెట్టండి. వాటి ముందు సాఫ్ట్‌బాక్స్ లేకపోతే చెక్క ఫ్రేముకు బిగించిన ట్రేసింగ్ పేపర్ చాలు. థర్మోకోల్ షీట్ వెలుగును తిప్పి పంపుతుంది, నల్ల చార్ట్ అనవసరమైన చోట వెలుగును ఆపుతుంది. మన దగ్గర చాలామంది ఈ చవక సామానుతోనే పని నేర్చుకుంటారు.

పోలరైజర్ ఎంతవరకు?

లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే గ్లేర్ అంతా పోతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. పాలిష్ పూత మీది ప్రతిబింబాన్ని ఈ ఫిల్టర్ బాగా తగ్గించేది ఉపరితలాన్ని సుమారు 34 డిగ్రీల ఏటవాలుగా చూసినప్పుడు. సూటిగా ఎదురు నుంచి చూస్తే పెద్దగా పని చేయదు. క్రోమ్ ట్యూనర్ల వంటి లోహాల మెరుపును ఇది ఒక్కటే తీయలేదు. పైగా ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల వెలుగు తినేస్తుంది.

దీని పనితనం చూడాలంటే ఖర్చు లేని ప్రయోగం ఒకటుంది. వాన వెలిశాక మౌలాలి గుట్ట ఎక్కండి. పొడిగా ఉన్నప్పుడు గరుకుగా, మెరుపు లేకుండా ఉండే రాయి తడిస్తే ఆకాశాన్ని చూపిస్తుంది. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని ఫోన్ కెమెరా ముందు పెట్టి మెల్లగా తిప్పండి. ఒక చోట ఆ తెల్ల మెరుపు తగ్గిపోయి కింది రాతి రంగు బయటపడుతుంది. గిటార్ పాలిష్ కింద చెక్క నార బయటపడేదీ సరిగ్గా ఇలాగే.

మెరుపును మొత్తంగా తీసేయాలంటే లైట్ల ముందు కూడా పోలరైజింగ్ ఫిల్మ్ పెట్టి, లెన్స్ ఫిల్టర్‌ను దానికి అడ్డంగా, 90 డిగ్రీలకు తిప్పుతారు. దీన్ని క్రాస్ పోలరైజేషన్ అంటారు. వేడెక్కే బల్బుకు ఫిల్మ్ ఆనించకండి, కాలిపోతుంది. ఈ పద్ధతిలో చెక్క రంగు లోతుగా వస్తుంది, లోహం మాత్రం నల్లబడి జీవం పోతుంది.

ఏ మెరుపు ఉంచాలి?

అసలు నైపుణ్యం ఇక్కడే తెలుస్తుంది. మెరుపంతా తుడిచేస్తే నిగనిగలాడే గిటార్ ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. కొనేవాడు డబ్బు పెడుతున్నది ఆ నిగారింపుకు కూడా. అందుకే చేయి తిరిగిన ఫొటోగ్రాఫర్ అక్కర్లేని ప్రతిబింబాలన్నీ తీసేసి, కావాల్సిన ఒక్కదాన్ని తానే పెడతాడు. బాడీ ఒక అంచు వెంట సన్నగా మొదలై మెల్లగా చీకట్లో కలిసిపోయే వెలుగు గీత అది. ట్రేసింగ్ పేపర్ ఫ్రేమును ఆ పక్కన నిలబెట్టి, వెనక లైటును ఒక కొసకు జరిపితే ఈ గీత వస్తుంది. లైటు పేపర్‌కు దగ్గరైతే గీత అంచు పదునెక్కుతుంది, దూరమైతే మెత్తబడుతుంది. నల్ల గిటార్‌కు ఆకారాన్నిచ్చేది ఈ ఒక్క గీతే.

అన్నీ ఒకే క్లిక్‌లో కుదరవు. కెమెరాను కదపకుండా బాడీ రంగు కోసం ఒకటి, అంచు గీత కోసం ఒకటి, ట్యూనర్ల కోసం ఒకటి తీసి, ఫొటోషాప్‌లో లేయర్లుగా కలుపుతారు. ఉచితంగా దొరికే గింప్‌తోనూ ఇది చేయవచ్చు.

ఇంకో జాగ్రత్త. మెరిసే పూత మీద వేలిముద్ర ఫొటోలో రెట్టింపు కనిపిస్తుంది. కాటన్ గ్లవ్స్ వేసుకోండి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పాతకాలపు నైట్రోసెల్యులోజ్ పూత ఉన్న గిటార్‌కు స్పిరిట్ తగిలితే పూత పాడవుతుంది. కొన్ని స్టాండ్ల రబ్బరు తగిలినా మచ్చ పడుతుంది. మీ చేతికిచ్చిన వస్తువు చెక్కుచెదరకుండా తిరిగివ్వడం కూడా ఈ వృత్తిలో భాగమే.

ఎక్కడ నేర్చుకోవాలి?

మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏలో ఫొటోగ్రఫీ అండ్ విజువల్ కమ్యూనికేషన్ ఉంది. ఇంటర్ పాసైనవారు యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ తర్వాత పైచదువు కావాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది, దానికి డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) రాయాలి. అర్హతలు, తేదీలు ఏటా ప్రకటనలో చూసుకోండి.

కాలేజీకి వెళ్లలేనివారు ఒక ప్రొడక్ట్ స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరండి. లైటు మోయడం, వస్తువు తుడవడం, కేబుళ్లు చుట్టడంతో పని మొదలవుతుంది. లైటును రెండు అంగుళాలు ఎందుకు జరిపారో అడిగి తెలుసుకునేవారికి ఏడాదిలో బోలెడంత పని పట్టుబడుతుంది.

వేరే ఉద్యోగంలో ఉండి ఇటు రావాలనుకునేవారికి సికింద్రాబాద్ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. రాజా దీన్‌దయాళ్ (1844–1905) రూర్కీలోని థామసన్ కాలేజీలో చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. ఫొటోగ్రఫీ ఆ తర్వాత పట్టుకున్నదే. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఎవరికి ఏం కావాలో గమనించి దానికి తగ్గ ఏర్పాటు చేయడం ఆయన వ్యాపార సూత్రం. ఈనాటికీ అది పనికొస్తుంది.

కొలువులు, సొంత పని

ఈ-కామర్స్ కేటలాగ్ స్టూడియోలు, ప్రకటన సంస్థలు, నగల దుకాణాలు, తయారీ కంపెనీల మార్కెటింగ్ విభాగాలు ఈ పని తెలిసినవారిని తీసుకుంటాయి. కెమెరా కంటే కంప్యూటర్ ముందు హాయిగా ఉండేవారికి రీటచింగ్ ఉంది. ఆన్‌లైన్ అమ్మకాలకు నిబంధనలు గుర్తుంచుకోవాలి. అమెజాన్‌లో ప్రధాన చిత్రానికి వెనక పూర్తి తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. తెల్ల నేపథ్యం ముందు నల్ల గిటార్ అంచులు చెడకుండా తీయగలిగితే మీ పనితనం వెంటనే తెలిసిపోతుంది.

సొంతంగా చేసేవారు చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, దానికి రుసుము లేదు. తెలంగాణలో సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటే వరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. పరికరాలకు అప్పు కావాలంటే ముద్ర పథకం కింద శిశు విభాగంలో 50 వేల వరకు ఇస్తారు.

ఒప్పందం మాత్రం కాగితం మీదే ఉండాలి. ఎన్ని ఫొటోలు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పుడు డబ్బు, ఎక్కడెక్కడ వాడుకుంటారు అన్నీ రాయండి. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద తొలి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. కాబట్టి మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే అనుమతిని ముందే రాయించుకోండి.

పోర్ట్‌ఫోలియో ఇలా

ఇంట్లోని స్టీలు గ్లాసుతో మొదలుపెట్టండి. తర్వాత కళ్లద్దాలు, గాజు సీసా, ఫోన్ తెర. ఆ తర్వాత స్నేహితుడి గిటార్ అడిగి తెచ్చుకోండి. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే కాలనీల్లో, చర్చి బృందాల్లో గిటార్ వాయించేవారికి కొదవ లేదు. పది ఫొటోలు చాలు, కానీ ప్రతి దాని పక్కన సెటప్ ఫొటో కూడా పెట్టండి. లైటు ఎక్కడుంది, నల్ల చార్ట్ ఎక్కడుంది అన్నది చూస్తే పని ఇచ్చేవారికి మీ ఆలోచన తెలుస్తుంది. ఒకసారి బాగా వచ్చిన ఫొటోను మీరు మళ్లీ తీయగలరన్న నమ్మకమూ కలుగుతుంది.

ఆ పదింటితో ముందు మీ వీధిలోని వర్క్‌షాపుకో, సంగీత వాయిద్యాల దుకాణానికో వెళ్లండి. వాళ్ల సరుకులో ఒక్కటి అడిగి తీసుకుని, ఇప్పుడు వాళ్లు వాడుతున్న ఫొటో పక్కన మీరు తీసింది పెట్టి చూపించండి. తేడా వాళ్లకే కనిపిస్తుంది. ధర మాట్లాడాల్సింది అప్పుడే.