నువ్వు పంటలో కొమ్ము పురుగు: వర్గీకరణ, విస్తృతి, జీవిత చక్రం

నువ్వు పంటను ఆశించే కొమ్ము పురుగు శాస్త్రీయ నామం అకెరాన్షియా స్టిక్స్. లెపిడోప్టెరా క్రమంలోని స్ఫింజిడే కుటుంబానికి చెందిన ఈ జాతిని వెస్ట్‌వుడ్ 1847లో వర్ణించాడు. పశ్చిమాసియా నుండి జపాన్ వరకు విస్తరించిన ఈ కీటకం వంగ, చిక్కుడు, మల్లె మొక్కలను కూడా ఆశిస్తుంది.

రెక్కల పురుగు వక్షంపై పుర్రెను పోలిన మచ్చ ఉంటుంది. ఇది రాత్రివేళ తేనెపట్టులలోకి చొరబడి, పొట్టిగా దృఢంగా ఉండే తొండంతో తేనెను పీలుస్తుంది. ఆడ పురుగు ఆకులపై గుడ్లను విడివిడిగా పెడుతుంది. వాటి నుండి వెలువడిన లార్వా ఐదు దశలలో ఎదుగుతుంది. దాని పార్శ్వాలపై ఏటవాలు చారలు, శరీరం చివర కొమ్ము ఉంటాయి. ఆకులను అత్యధికంగా తినేది చివరి దశలోనే. కనుక కొద్దిపాటి లార్వాలు కూడా మొక్కను మోడు చేయగలవు. పూర్తిగా ఎదిగిన లార్వా నేలలోకి దిగి మట్టి గూడులో కోశస్థ దశకు చేరుతుంది.

యాజమాన్యానికి ఆధారం ఈ జీవిత చక్రమే. గుడ్లు విడివిడిగా ఉండటం వలన లార్వాలు చెదురుమదురుగా కనిపిస్తాయి. పరిమాణంలో పెద్దవి కనుక తక్కువగా ఉన్నప్పుడు చేతితో ఏరివేయవచ్చు. పంట కోసిన తరువాత లోతు దుక్కి చేస్తే కోశాలు బయటపడి ఎండకు, పక్షులకు గురై నశిస్తాయి.