నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు నడవనివ్వండి

వానలు తగ్గి కార్తీకం దగ్గరపడిందంటే మా చాగలమర్రిలో నలుగురు స్నేహితులు కలిసినచోటల్లా ఒకటే మాట: "అహోబిలం ఎప్పుడు పోదాం?" 40 డిగ్రీలు దాటే నంద్యాల ఎండలకు ఇల్లు కదలనివాళ్లం, వానల్లో జారే బండలకు జంకి ఆగినవాళ్లం, చలిగాలి తగలగానే కాళ్లకు పని చెప్పాలనుకుంటాం. ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం చేరతాం. అక్కడికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎగువ అహోబిలం దాకా బండ్ల మీద పోయి, చేతికర్ర పట్టుకుని నల్లమలలోకి నడక మొదలుపెడతాం. పక్కనే భవనాశి పారుతుంటుంది. దారిలో వరాహ నరసింహుడు, మాలోలుడు, ఇంకా లోపల జ్వాలా నరసింహుడు, అందరికీ పైన ఉగ్రస్తంభం. ఏడాదిలో తొలి నడక అది. మన ఓర్పు ఎంతో, మన స్నేహం ఏపాటిదో ఆ ఒక్క రోజులో తేలిపోతుంది.

చాలామంది ఆ రోజును పాడుచేసుకుంటారు. ఆరు నెలలు కుర్చీలో కూర్చుని, ఫోన్ చూస్తూ గడిపి, తొలి రోజే ఉగ్రస్తంభం ఎక్కి ఫొటో దిగాలనుకుంటారు. ఎవరి కోసం ఆ ఫొటో? పోయిన ఏడాది ఎక్కానన్న లెక్క ఈ ఏడాది మోకాళ్లకు తెలియదు. 1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి, వాళ్ల గుండె, ఊపిరితిత్తుల శక్తి ఎంత పడిపోయిందో కొలిచారు. 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, మీద పడిన 30 ఏళ్ల వయసు కన్నా ఆనాటి మూడు వారాల మంచమే వాళ్లను ఎక్కువ దెబ్బతీసిందని తేలింది. కదలకపోవడం అంత పని చేస్తుంది. వయసైపోయిందని సాకులు చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అయితే ఇందులో ధైర్యం కూడా ఉంది: ఆ ఐదుగురూ నడివయసులో నెలల తరబడి క్రమంగా సాధన చేసి, వయసుతో పోయిన ఊపిరి బలాన్ని తిరిగి తెచ్చుకున్నారు.

ఇక నా బాధ చెబుతాను. నేను జట్టులో ఎప్పుడూ వెనకబడేవాణ్ణే. చిన్నప్పటి నుంచీ ఎగుడు దారి కనబడితే నాకు ఊపిరి సరిపోదు. స్నేహితులంతా ముందు పోయి ఒక చెట్టు కింద కూర్చుని, నీళ్లు తాగి, కబుర్లు చెప్పుకుంటుంటారు. నేను రొప్పుకుంటూ అక్కడికి చేరేసరికి "వచ్చినావా, పోదాం పా" అని లేచి నిలబడతారు. బలమున్నవాడికి పది నిమిషాల విశ్రాంతి, అలిసినవాడికి అరనిమిషం కూడా లేదు! ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ కాళ్ల నొప్పి కంటే "నా వల్ల వీళ్లందరూ ఆగుతున్నారు" అన్న సిగ్గు ఎక్కువ కుంగదీస్తుంది. ఆ సిగ్గుతోనే నేను ఎన్నోసార్లు "ఈసారి పనుంది, మీరు పోయిరండి" అన్నాను. మీ చుట్టూ కూడా అలా పనుందని తప్పుకునేవాళ్లు ఉన్నారు. ఒకసారి గమనించండి.

దీన్ని మార్చింది మా జట్టులో పెద్దాయన. ఒక కార్తీకంలో ఆయన నన్ను భుజం పట్టి అందరికంటే ముందు నిలబెట్టి, "నువ్వు నడువుప్పా, మేం నీ ఎనకే వస్తాం. నిన్ను దాటి ఎవరూ పోకూడదు" అన్నాడు. అంతే. ఆనాటి నుంచి నా నడక మారింది, నేనూ మారాను. అందుకే ఈ ఒక్క అలవాటు గురించి ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతాను: జట్టులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు నిలబెట్టండి. అందరికన్నా గట్టివాణ్ణి చివర ఉంచండి.

ఇది ఎలా పని చేస్తుందో చూడండి. ముందున్నవాడు ఆగితే అందరూ ఆగుతారు కనుక విశ్రాంతి అందరికీ సమానంగా దొరుకుతుంది. వెనక ఎవరూ తప్పిపోరు; పులులు తిరిగే నల్లమలలో ఇది చిన్న విషయం కాదు. ముందు నడిచేవాడికి దారి చూపే బాధ్యత వస్తుంది, సిగ్గుపడే తీరిక ఉండదు. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు నెమ్మదిస్తే రెండోదాన్ని అదిలించే రైతు ఎక్కడా ఉండడు. గట్టివాడికి కూడా పని ఉంది: నీళ్ల బరువు మోయాలి, మందుల సంచి పట్టుకోవాలి, నోరు అదుపులో పెట్టుకోవాలి. "ఇంకొంచెమే, ఇంకొంచెమే" అని అబద్ధపు ధైర్యం చెప్పకూడదు. నిజానికి ఈ పద్ధతిలో ఎక్కువ నేర్చుకునేవాడు గట్టివాడే. తన వేగాన్ని తానే పట్టి ఉంచుకోవడం కంటే పెద్ద బలం ఏముంది?

వేగం ఎంత ఉండాలంటే, నడుస్తూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. దీన్ని వ్యాయామ నిపుణులూ ఒప్పుకున్నారు. ఇంకో సంగతి: స్నేహితుడు పక్కన ఉంటే కొండ వాలు తక్కువగా కనిపిస్తుందని 2008లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆ స్నేహం ఎంత పాతదైతే వాలు అంత తగ్గినట్టు అనిపించిందట. నాకు ఆ పరిశోధన అక్కర్లేదు, వాలు తగ్గడం నేను కళ్లారా చూశాను. కానీ స్నేహితుడు పక్కన ఉండాలి. అరకిలోమీటరు ముందుంటే లాభం లేదు.

ఈ అలవాటును ఇంటికి తీసుకుపోండి. ఇద్దరు పిల్లల్లో లెక్కలు త్వరగా రానివాడి వేగంతో సాయంత్రం చదువు మొదలుపెట్టండి. ఆఫీసులో కొత్తగా చేరినమ్మాయిని మీటింగులో ముందు మాట్లాడనివ్వండి. భోజనాల దగ్గర నిదానంగా తినే తాతను వదిలి అందరూ లేచిపోకండి. ఇవి చేయలేనివాడు నాయకత్వం మీద ఎన్ని పుస్తకాలు చదివితే ఏం లాభం?

మిగతావి గబగబా చెప్పేస్తాను. తొలి నడక వరాహ నరసింహుడి దాకానో, మాలోలుడి దాకానో చాలు. ఉగ్రస్తంభం తర్వాత నడకకు ఉంచండి. దిగేటప్పుడు జాగ్రత్త, తొడ కండరాలు బరువు మోస్తూ సాగేది అప్పుడే. మర్నాడు, ఆ మర్నాడు నొప్పులు వస్తాయి, భయపడొద్దు. ఒకసారి అలా నొచ్చిన కండరం కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొయ్యదు. తొలి నడక చిన్నదిగా ఉండాలనడానికి అసలు కారణం ఇదే. కొత్త చెప్పులు వద్దు. పొద్దున్నే బయల్దేరండి, చీకటి పడకముందే వెనక్కి రండి. మజ్జిగ, బెల్లం, శనక్కాయలు పెట్టుకోండి. అటవీశాఖ వాళ్లు వద్దన్న దారిలో పోవద్దు. ప్లాస్టిక్ కవర్లు అడవిలో పారేయొద్దు. గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి రండి.

చిన్నగా మొదలుపెట్టడం నామోషీ అనుకునేవాళ్లకు ఒక మాట. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. ఆమె ముందు ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. స్వీడన్‌లో మంచు మీద స్కీలు తొడుక్కుని 90 కిలోమీటర్లు పోయే వాసలోపెట్ పందెం 1922లో మొదలైంది. అంత దూరానికి ఎవరూ ఒక్కరోజులో సిద్ధం కారు. మంచైనా, నల్లమల బండలైనా శరీరం నేర్చుకునే తీరు ఒక్కటే.

ఈ కార్తీకంలో మీరూ ఒక జట్టు కట్టండి. ఏటా "పనుంది" అని తప్పుకునే స్నేహితుడి ఇంటికి ముందు పోండి. ఫోను చేసి ఊరుకోవద్దు, మనిషే పోవాలి. "నువ్వు ముందు నడవాలి, నీ వెనక మేం వస్తాం" అని చెప్పండి. ఆ తప్పుకునే మనిషి మీరే అయితే ఇంకా మంచిది: ముందు నిలబెడితేనే వస్తానని అడగండి. అలా అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. అడిగినా ముందు నిలబెట్టని జట్టును వదిలేయండి, నిలబెట్టే జట్టును జీవితాంతం వదలొద్దు.