చేపపిల్ల మొదటి నెల తెలిస్తే కొలువు దొరుకుతుంది

ఫిషరీస్ చదవాలనుకునేవారి చూపు సాధారణంగా చెరువుగట్టు మీదా ఎగుమతుల మీదా ఉంటుంది. అసలు నైపుణ్యానికి గిరాకీ మాత్రం చేప జీవితంలోని మొదటి నెలలో ఉందని నా నమ్మకం. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే దీన్ని ఎత్తిచూపారు. హెర్రింగ్ చేప కొన్నేళ్లు విరివిగా, కొన్నేళ్లు అరకొరగా పడడానికి కారణం తొలి దశలో ఎన్ని పిల్లలు బతికి బట్టకట్టాయన్నదేనని ఆయన వాదించారు. 1904లో పుట్టిన ఒక్క తరమే ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడి జాలర్ల వలలు నింపింది.

మన తీరంలోని పండుగప్పనే తీసుకోండి. ఏటి మొగల దగ్గర ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు మిల్లీమీటరు కన్నా చిన్నది, ఒక్క రోజులోపే పిల్ల బయటికొస్తుంది. హేచరీలో అయితే రెండు మూడు రోజుల్లో సొన అయిపోయి నోరు తెరుచుకునేసరికి, ఆ నోట పట్టేంత సన్నటి రోటిఫర్లనే సూక్ష్మజీవులు నీటిలో సిద్ధంగా ఉండాలి. లేకపోతే తొట్టెకు తొట్టే పోతుంది. తర్వాత ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవుల్ని అందించాలి. ఆపైన పెద్ద పిల్లలు చిన్నవాటిని మింగేస్తాయి కాబట్టి సైజుల వారీగా ఏరి వేరుచేస్తూ ఉండాలి. పైగా ఈ చేప మొదట మగది, కొన్నేళ్లకు ఆడదవుతుంది. అంటే తల్లిచేపల్ని ఏళ్లపాటు సాకాల్సిందే. ఇన్ని చిక్కులు దాటి చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక సంస్థ (సీబా) 1997లో దీన్ని దేశంలో తొలిసారి హేచరీలో పొదిగించగలిగింది.

‘ఇదంతా పరిశోధన, ఉద్యోగాలెక్కడ?’ అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, వాటికి పీజీ తప్పనిసరి. కానీ ఆల్గే పెంచడం, ఆర్టీమియా పొదిగించడం, నీటి ఉప్పదనం చూసుకోవడం మన తీరంలోని రొయ్యల హేచరీలకూ రోజువారీ పనే. ఆ పనుల్లో చేయి తిరిగినవారికి ఒక్క చేప మీదే ఆధారపడాల్సిన అవసరం రాదు. సముద్ర చేపల నిల్వల అంచనాకూ ఇదే విద్య కావాలి. చేపపిల్ల చెవిలోని రాయిని సానబట్టి మైక్రోస్కోప్ కింద పెడితే, చాలా జాతుల్లో రోజుకొక వలయం చొప్పున వయసు లెక్క తేలుతుంది. రాత్రీపగలూ తొట్టెల దగ్గర ఉండాల్సిన కొలువు కాబట్టి, ఓపిక లేనివారికి మాత్రం ఇది పనికిరాదు.

బైపీసీ వారు ఈఏపీసెట్ ద్వారా ముత్తుకూరు మత్స్య కళాశాలలో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ చేయవచ్చు. పీజీకి ముంబైలోని కేంద్ర మత్స్య విద్యాసంస్థ సీఐఎఫ్‌ఈ ఉంది. ఎక్కడ చేరినా, శిక్షణకు పంపేటప్పుడు లార్వా తొట్టెల విభాగాన్నే అడిగి తీసుకోండి.