కామిక్ పుస్తకాలు: వెల, విక్రయం, పాఠకులు

ధర పెరిగితే డిమాండు తగ్గుతుందని అర్థశాస్త్ర విద్యార్థులందరూ తొలి సంవత్సరంలోనే నేర్చుకుంటారు. ఎంత తగ్గుతుందన్నది వస్తువును బట్టి ఉంటుంది. దానినే డిమాండు వ్యాకోచత్వం అంటారు. ఉప్పు ధర పెరిగినదని ఉప్పు మానినవారు లేరు. కొనేవాడు పదేళ్ల బాలుడై, వాని జేబులో ఒకే ఒక నాణెం ఉన్నప్పుడు ఈ సూత్రం ఎట్లా వర్తిస్తుంది? దీనిని పరిశీలించడానికి కామిక్ పుస్తకాలకు మించిన ఉదాహరణ మాకు కనబడలేదు. ఆ వ్యాపారం విస్తారంగా సాగిన అమెరికా దేశపు అనుభవాన్నే ఇక్కడ ప్రధానంగా తీసుకుంటున్నాము.

1938లో సూపర్‌మ్యాన్ తొలిసారి దర్శనమిచ్చిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వెల 10 సెంట్లు, పుటలు 64. తరువాత ప్రపంచయుద్ధం వచ్చింది, కాగితం కరవైంది, ఖర్చులు పెరిగాయి. వెల మాత్రం 1961 వరకు కదలలేదు. పది సెంట్లంటే 'డైమ్' అనే ఒక్క నాణెం. బల్లమీద పెట్టి పుస్తకం పట్టుకుపోవచ్చు. ఆ సౌలభ్యాన్ని చెడగొట్టే సాహసం లేక ప్రచురణకర్తలు పుటలు తగ్గిస్తూ వచ్చారు. 1950 దశకం నాటికి 32 పుటలే మిగిలాయి. పుట లెక్కన చూస్తే వెల రెట్టింపయినట్టే గదా!

ఈ చవకదనానికి మరొక ముఖం కూడా ఉన్నది. పది సెంట్ల పుస్తకంపై దుకాణదారునికి దక్కేది అతి స్వల్పం. అదే స్థలంలో ఖరీదైన వారపత్రిక పెడితే వానికి ఎక్కువ మిగులుతుంది. అమ్మేవానికి ఆసక్తి లేని సరుకు క్రమంగా వెనుక వరుసలోకి జరిగిపోతుంది. వెలను గురించి మాట్లాడేవారు సాధారణంగా కొనేవానినే చూస్తారు గాని, ఈ మధ్యవానిని మరచిపోతారు.

1961లో అగ్రస్థానంలో ఉన్న డెల్ సంస్థ తన పుస్తకాల వెలను ఒక్కసారిగా 15 సెంట్లు చేసింది. దాని 'అంకుల్ స్క్రూజ్' 1960లో సంచికకు సగటున పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన పుస్తకం. పోటీ సంస్థలు 12 సెంట్ల వద్ద ఆగాయి. డెల్ అమ్మకాలు పడిపోయాయి. తరువాత తానూ 12కు దిగివచ్చింది గాని, పూర్వ వైభవం తిరిగి రాలేదు. టెలివిజన్ ప్రభావం, 1962లో వెస్టర్న్ ముద్రణ సంస్థతో తెగతెంపులు కూడా ఇందుకు తోడయ్యాయి. నేరమంతా వెలదే అనడం న్యాయం కాదు.

మరింత ఆసక్తికరమైన ఘట్టం 1971లో జరిగింది. డి.సి. సంస్థ వెలను 15 నుండి 25 సెంట్లకు పెంచి, పుటలను 48 చేసి, అదనపు పుటలను ఎక్కువగా పాత కథల పునర్ముద్రణతో నింపింది. మార్వెల్ కూడా 25 సెంట్లకు వెళ్లింది. వెంటనే, మరుసటి నెలలోనే, 20 సెంట్లకు, 32 పుటలకు దిగివచ్చింది. పంపిణీదారులకు వాటా కూడా ఎక్కువ ఇచ్చింది. డాలరు పట్టుకొచ్చిన బాలునికి ఇటు ఐదు పుస్తకాలు, అటు నాలుగు! పుటలు లెక్కిస్తే డి.సి. బేరమే లాభసాటి. అయినా బాలురు పుటలను కాక పుస్తకాలను లెక్కించారు. డి.సి. సుమారు ఏడాది పంతం పట్టి, 1972లో 20 సెంట్లకు వచ్చింది. ఆ కాలంలోనే మార్వెల్ అమ్మకాలలో దానిని దాటింది.

1973 నుండి ఫిల్ స్యూలింగ్ ఆరంభించిన విధానంలో ప్రత్యేక దుకాణాలు మిగిలిన ప్రతులను తిప్పి పంపకుండా, అందుకు బదులుగా ఎక్కువ తగ్గింపుతో కొనసాగాయి. వ్యాపారం బతికింది, పాఠకుడు మారాడు. వీధి మలుపులో కనబడే పుస్తకం, వెతుక్కుంటూ వెళ్లే పెద్దవాని పుస్తకమైంది. నేడు అక్కడ ఇరవై పైచిలుకు పుటల కథకు సాధారణంగా 4 నుండి 5 డాలర్లు ఇవ్వాలి.

విక్రయం వేరు, పాఠకుల సంఖ్య వేరు. మన దేశంలో 1964లో ఇంద్రజాల్ కామిక్స్, 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వాన అమర్ చిత్రకథ వెలువడ్డాయి. కొనగలిగిన ఇండ్లు కొన్నే. అయితే మన పట్టణాలలోని అద్దె పుస్తకాల దుకాణాలలో ఒక్క ప్రతి అట్ట ఊడేదాకా చేతులు మారేది. ప్రచురణకర్త లెక్కలో అది ఒకే అమ్మకం. చందమామలు, డిటెక్టివ్ నవలల ప్రక్కన తీగకు వ్రేలాడిన ఆ పుస్తకాలకు అసలు వెల అట్టమీద ముద్రించినది కాదు, రోజు అద్దె. ఆ దుకాణాలు ఒక్కటొక్కటిగా మూతపడిన తరువాత, కొనలేని బాలునికి మిగిలినది అట్టమీది వెల ఒక్కటే.